నానమ్మ పొట్టికాలు

చిన్నక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఉందంటే నోట్లో పాట ఉన్నట్టే. బావ నడిపే లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి గౌన్లు, ఆఫీసర్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తూనే ఆవిడ పాటలు కట్టేది. కాగితం మీద పెట్టే అలవాటు లేదు. కాలరు దగ్గర పల్లవి మొదలైతే చొక్కా మడతపెట్టేసరికి చరణం తయారయ్యేది. పంక్తి నచ్చకపోతే మడత విప్పి మళ్ళీ మొదటినుంచీ రుద్దేది. ఆ లాండ్రీ చొక్కాలకు అంత పేరు రావడానికి కారణం ఇదేనని బావకు ఇప్పటికీ తెలియదు.

ఆ పాటలకు ఒక రాక్ బ్యాండు కూడా ఉంది. గిటార్ వాయిస్తూ పాడేది ఆవిడ తమ్ముడు. పగలు పళ్ళ డాక్టరు దగ్గర జనం నోళ్ళు తెరిపించే ఉద్యోగం, సాయంత్రం తన నోరు తెరిచే ఉద్యోగం. డ్రమ్ములు ఒక బస్సు డ్రైవరువి. పాట పట్టుకుంటే ఆపడం చేతకాదని అతన్ని అందరూ బ్రేకులు అని పిలిచేవారు. బేస్ గిటార్ చిన్నక్కది.

సాధన లాండ్రీ వెనక గదిలో. చెక్కగోడకు అవతల ఒక పాత వాషింగ్ మిషను ఉండేది. దానికి ఒక కాలు పొట్టి. తిరిగినంతసేపూ దడ్ దడ్ దడ్ అని నేలను తన్ని, నాలుగోసారికి తలుపు ఠంగ్‌మనిపించేది. అస్తమానం సణుగుతుందని దానికి నానమ్మ అని పేరు పెట్టారు. దాన్ని తిట్టుకోకుండా ముగ్గురూ ఒక్క పాటైనా మొదలుపెట్టిన పాపాన పోలేదు.

ఒకరోజు బావ గుమ్మంలో నిలబడి బాంబు పేల్చాడు. "నానమ్మను తీసేసి కొత్త మిషన్లు దింపుతున్నా. ఈ గది కూడా కావాలి. మీ గోల ఇంకెక్కడైనా పెట్టుకోండి."

"మా పాట ఒక్కసారైనా విన్నావా బావా?" అంది చిన్నక్క.

"గోడ అవతల రోజూ వింటున్నాగా తల్లీ. అది చాలదూ?"

చిన్నక్కకు ఒళ్ళు మండింది. "ఆదివారం టౌనుహాల్లో కొత్త బ్యాండ్లకు అవకాశం ఇస్తున్నారు. వచ్చి ముందు వరసలో కూర్చో. జనం లేచిపోతే గది నీది. కూర్చుంటే మాది."

బావ వెంటనే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆవిడకు చురుక్కుమంది. ఆ గది పోతే బ్యాండు పోయినట్టే. డ్రమ్ములకు చోటిచ్చే ఇల్లు ఎవరికుంది? కోపంలో పందెం వేసింది గానీ ఇంటికెళ్ళాక కలిపిన అన్నం అలాగే వదిలేసింది.

ఆదివారం హాలు నిండింది. నేలంతా మందపాటి తివాచీ, గోడలకు బరువైన తెరలు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మొదటి పాట ఎత్తుకోగానే బ్రేకులు తన పేరు నిలబెట్టుకున్నాడు. తమ్ముడు అతని వెనక పరుగెత్తాడు. చిన్నక్క ఇద్దరినీ వెనక్కి లాగలేక ఆయాసపడింది. లాండ్రీలో ఎన్నడూ తప్పని పాట ఇక్కడ తడబడుతూ నడిచింది. రెండోది ఇంకా ఘోరం. వెనక వరసల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. బావ ఆవిడ వంక చూడకుండా పైకప్పు వంక చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇక మిగిలింది ఒక్క పాట. చిన్నక్క అన్నిటికంటే ఇష్టపడి కట్టుకున్నది.

*తడి చొక్కాతోనే బయలుదేరా పనికి*
*ఎండ లేకుంటే ఏం, ఒంటివేడే చాలు దానికి*

పల్లవి చివర ముగ్గురూ ఒక్కసారిగా ఆగారు. దేనికో ఎదురుచూశారు. ఏమీ రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఠంగ్ రాలేదు!

చిన్నక్కకు అప్పుడు అర్థమైంది. తిట్టుకుంటూ తిట్టుకుంటూనే ఇన్నాళ్ళూ ముగ్గురూ నానమ్మ అడుగుల వెంటే నడిచారన్నమాట. పాటలో ఆ ఠంగ్‌కు ఖాళీ వదిలింది తనే, తనకే తెలియకుండా. సిగ్గుతో అప్పుడే స్టేజి దిగిపోయేదే. కానీ ముందు వరసలో బావ లేచి నిలబడబోతున్నాడు. పంతం సిగ్గును పక్కకు నెట్టేసింది. తిన్నగా మైకు దగ్గరకు వచ్చింది.

"మా బ్యాండులో నాలుగో మనిషి రాలేదండీ. అదొక వాషింగ్ మిషను. దానికో కాలు పొట్టి. అది నేలను తంతే గానీ మాకు పాట రాదని ఇప్పుడే తెలిసింది. మీరు కాస్త దాని బదులు తన్నిపెడతారా?"

హాలు గొల్లుమంది. తివాచీ మీద చెప్పులు మెత్తగా ఆడాయి. ఒకరిది ముందు, ఇంకొకరిది వెనక.

"అలా కాదు!" సగం లేచిన బావ పూర్తిగా లేచి జనం వైపు తిరిగాడు. "ఆ మిషను నాది. నాకు తెలుసు. మూడోది గట్టిగా పడాలి. తివాచీ మీద కాదు, కుర్చీ చెక్క మీద కొట్టండి. దడ్, దడ్, దడ్..." నాలుగోదానికి లాండ్రీ తాళాలగుత్తి తీసి స్టేజి ముందున్న ఇనుప కమ్మీ మీద ఠంగ్‌మనిపించాడు.

అచ్చం నానమ్మే!

బ్రేకులు దారిలో పడ్డాడు. తమ్ముడి గొంతు విచ్చుకుంది. హాలంతా ఒక పెద్ద మిషనులా అదురుతుంటే చిన్నక్క వేళ్ళు వాటంతటవే తీగల మీద నడిచాయి. రెండోసారి పల్లవి జనమే పాడారు. ఇస్త్రీబల్ల దగ్గర ఒంటరిగా కట్టిన మాటలు అన్ని గొంతుల్లోంచి తిరిగి వస్తుంటే ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాట అయిపోయినా ఎవరూ కదల్లేదు. మళ్ళీ పాడమన్నారు. పాడారు. బావ తాళాలగుత్తి పక్కవాళ్ళు అడిగినా ఇవ్వలేదు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. పాతదాన్ని తీసేయొద్దని బావ ఫోను చేయడంతో, పోనీ బాగుచేద్దామని ఒక చెక్కముక్క తెచ్చి పొట్టికాలు కింద పెట్టడానికి వంగాడు. బావ కౌంటరు దగ్గర నుంచి ఒక్క అంగలో వచ్చిపడ్డాడు.

"దాని కాలు ముట్టుకోకు! అది బ్యాండులో ఉంది."

చిన్నక్క ఇస్త్రీపెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కమురువాసన వచ్చాక గానీ తేరుకోలేదు. ఆవిడ చేతిలో చొక్కా కాలడం అదే మొదలు. బావ కాలిన జేబు వంక చూశాడు, మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. చొక్కా ఆయనదే.