కోదాడ మీద నుంచి వెనక్కి

నేను ఒంటరిగా విమానం నడుపుతూ వెళ్లాల్సిన మొదటి దూరప్రయాణానికి విమానం నేర్పే మా సార్ చార్టు మీద, అంటే పైలట్ల మ్యాపు మీద, మూడు చోట్ల వేలు పెట్టారు. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట. కృష్ణ ఒడ్డునున్న మా శిక్షణ మైదానం నుంచి లేచి, ఆ మూడింటినీ చుట్టి, మళ్లీ అక్కడే దిగాలి. మూడూ నేను బస్సు కిటికీలోంచి చూస్తూ పెరిగిన ఊళ్లే. మా నాన్న ఆత్మకూర్‌లో గొర్రెలు కాస్తాడు. హైస్కూలు మొదలుకొని నేను సూర్యాపేటలో మేనత్త దగ్గరే ఉండి చదివాను. మార్కెట్ యార్డు పక్కన ఆమెకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది.

ఫోన్లో అత్తకు చెప్పగానే ఆమె మొదట అడిగింది, ఇంటి మీదుగా కిందికి వస్తావా అని. ఊరి మీద అంత కిందికి రాకూడదు, దానికో ఎత్తు ఉంటుందని చెప్పాను. సరేలే, చప్పుడైనా వింటామంది. సాయంత్రానికల్లా దోసెలు తినడానికి వచ్చిన హమాలీలకూ, వాడకట్టులో అందరికీ, మేనకోడలు విమానంలో వస్తోందని చెప్పేసింది.

నేను చార్టు ముందు కూర్చున్నాను. పెన్సిలుతో నాలుగు గీతలు గీశాను. గీత పక్కన గుట్టల ఎత్తులు, దారిలో దాటాల్సిన మూసీ, సాగర్ ఎడమ కాలువ, రైలు పట్టా గుర్తు పెట్టుకున్నాను. కోదాడ దాటి ఇంకా తూర్పుకు పోతే విజయవాడ విమానాశ్రయం వాళ్ల అదుపులో ఉండే ఆకాశం వస్తుంది. వాళ్లు రమ్మననిదే అందులో అడుగు పెట్టకూడదు. ఆ అంచును ఎర్ర పెన్సిలుతో మళ్లీ దిద్దాను. ఏ గుర్తు ఎన్ని నిమిషాలకు రావాలో ముందు గడియారం చూడాలి, తర్వాత చార్టు, ఆ తర్వాతే నేల. ముందే కిందికి చూస్తే ఏ చెరువైనా మనకు కావలసిన చెరువులాగే కనిపిస్తుందని సార్ అనేవారు.

యాసంగి కోతలు అయిపోతున్న రోజులవి. పొద్దున్నే వాతావరణం బాగానే ఉందన్నారు. మిర్యాలగూడ అనుకున్న సమయానికే వచ్చింది. రైసు మిల్లుల రేకుల కప్పులు ఎండకు మెరిశాయి. అక్కడ తూర్పుకు తిరిగాను. మూసీ దాటేసరికి కింద వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ మొదలైంది. అది పైకి లేవకుండా పొలాల మీదే పరుచుకుని ఉంది.

కోదాడ నిట్టనిలువునా కిందికి చూస్తే స్పష్టంగా ఉంది. పెద్ద చెరువు, హైవే, బస్టాండు అన్నీ పోల్చుకున్నాను. సూర్యాపేట వైపు తిరిగి ముందుకు చూస్తే మాత్రం తెల్లటి తెర. నేలకూ ఆకాశానికీ మధ్య గీత లేదు. ఈపాటికి హైవే పక్కన గుట్టలు కనబడాలి. గడియారం చూశాను, చార్టు చూశాను, బయటికి చూశాను. గుట్టల్లేవు.

కింద హైవే ఉంది. కాస్త దిగి, దాన్నే పట్టుకుని పోతే సూర్యాపేట తప్పకుండా వస్తుంది. మిద్దె మీద అత్త నిలబడి ఉంటుంది. కానీ ఆ హైవే పక్కనే గుట్టలు, టవర్లు ఉన్నాయని నా చార్టే చెబుతోంది. కళ్లతో చూస్తూ నడిపేవాళ్లకు ముందు ఐదు కిలోమీటర్లైనా కనబడాలని రూలు. నాకు అందులో సగం కూడా కనబడటం లేదు. రేడియోలో వెనక్కి వస్తున్నానని చెప్పి, మిర్యాలగూడ వైపు తిప్పేశాను. గొంతు వణక్కూడదని ఒక్కో మాటా విడివిడిగా పలికాను.

దిగాక సార్ విమానం దగ్గరికే వచ్చారు.

"ఎందుకు తిరిగొచ్చావు?"

"సూర్యాపేట కనబడలేదు సార్."

"కనబడలేదా, కనబడదేమో అనుకున్నావా?"

"కనబడాల్సిన గుట్టలు టైముకి కనబడలేదు సార్."

ఆయన తలూపారు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. ప్రయాణం పూర్తికాలేదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేయాలని మాత్రం అన్నారు.

అత్త ఫోనెత్తలేదు. ఆదివారం బస్సెక్కి సూర్యాపేట వెళ్లాను. అన్నం పెట్టింది. నేను తిన్నాక మనసులో మాట మెల్లగా బయటపెట్టింది.

"వాడకట్టంత మిద్దెక్కిరి. మబ్బు లేదు, వాన లేదు. నువ్వే భయపడ్డవ్ అంటున్నరు."

"భయమైంది అత్తా. కానీ భయానికి తిరగలే. ముందల ఏమున్నదో కనబడలే, గందుకు తిరిగిన."

మంచం మీద చార్టు పరిచాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఎర్ర అంచు ఏమిటని అడిగింది. చెప్పాను. అంత పైన ఎవరు చూస్తారు, కొంచెం దాటితే ఏమైతదంది. అక్కడ జనాన్ని ఎక్కించుకున్న పెద్ద విమానాలు దిగుతుంటాయి, వాళ్లు చెప్పిన దారిలో వాళ్లు వస్తుంటారు, చెప్పకుండా నేను అడ్డం పోతే వాళ్లకు నేనున్నట్టే తెలియదు అన్నాను. అత్త ఆ అంచు వెంట వేలు పోనిచ్చింది.

"అయితే ఈసారి ఎప్పుడొస్తవో నాకు చెప్పకు బిడ్డా. చెప్తే నేను ఆగను, అందరికి చెప్త. నీకు గాడ పరేషాన్ అయితది."

చెప్పలేదు. తర్వాతి వారం ఒక వాన పడి గాలి కడిగినట్టయ్యాక సార్ పంపించారు. కోదాడ మీద తిరిగేసరికే గుట్టలు ఎదురుగా, చార్టులో ఉన్నచోటే ఉన్నాయి. సూర్యాపేట మీద నా ఎత్తు ఒక్క అడుగు కూడా తగ్గించలేదు. యార్డులో ఆరబోసిన వడ్లు పసుప్పచ్చ చదరాల్లా కనిపించాయి. చూసింది ఒక్క క్షణమే. తర్వాత గడియారం వైపు తిరిగాను, ఇంకా మైదానం చేరాల్సి ఉంది.

దిగి, విమానాన్ని తాళ్లతో నేలకు కట్టి, అప్పుడు అత్తకు ఫోన్ చేశాను. చప్పుడు విన్నదట, తను బయటికి వచ్చేసరికి నేను దాటిపోయానని చెప్పింది.

"మన మిద్దె కనబడ్డదా?"

లేదని నిజమే చెప్పాను. యార్డు మాత్రం కనబడిందన్నాను. పిండి రుబ్బుకోవాలి, మళ్లీ మాట్లాడతానని ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సార్ ఇంకా దూరపు దారి ఇచ్చారు. అందులో నాకు తెలిసిన ఊరు ఒక్కటీ లేదు. పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.