మడి కట్టిన బకెట్టు

ఇంగ్లండులోని స్విండన్‌లో మేం అద్దెకున్న ఇంట్లో నిజంగా వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అల్మారా. ఆ చలికాలం దాని కోసం నాకూ మా ఆవిడకూ పోటీ. ఆమె ఇడ్లీ పిండి పులియాలి, నా బీరు పులియాలి.

నిజానికి ఆ బీరు పక్కింటి అంకుల్‌ది. ఏళ్ళ తరబడి ఇంట్లోనే చేసుకున్న పెద్దమనిషి, చేతులు వణకడం మొదలయ్యాక బకెట్టు ఎత్తలేక మానేశాడు. ఇల్లు ఖాళీ చేసి కూతురి ఊరికి వెళ్ళేలోపు తన బీరు ఒక్క గ్లాసు తాగాలని ఆయన కోరిక. చెప్పడం ఆయన వంతు, చెయ్యడం నా వంతు.

ఆయన శుభ్రత ముందు మా అమ్మమ్మ మడి ఏ మూలకి! బకెట్టు, మూత, గరిటె అన్నీ క్రిములు చంపే మందు కలిపిన నీళ్ళలో ముంచాలి. మధ్యలో ముక్కు గోక్కున్నానా, మళ్ళీ చేతులు కడిగించేవాడు.

"గాలిలో ఉన్నవన్నీ ఈ బీరు కోసమే కాచుక్కూచున్నాయి" అనేవాడు. నేను లోలోపల విసుక్కునేవాణ్ణి.

ఈస్ట్ చల్లి మూత బిగించిన మర్నాడు చూస్తే, కింద మంట లేదు, కలిపే చెయ్యి లేదు, బకెట్టు దానంతటదే బుడబుడలాడుతోంది. ఆఫీసుకి ఆలస్యమవుతున్నా అక్కడే నిలబడిపోయాను.

మా ఆవిడ తన పిండి గిన్నె సరిగ్గా దాని పై అరలో పెట్టింది. అన్నాళ్ళూ కదలని పిండి అప్పుడే పొంగింది. గిన్నె దాటి బకెట్టు మూత మీదికి కారింది. మూత తుడిచి తీస్తే, బీరు మీద తెల్లగా ఏవో తేలుతున్నాయి.

అంకుల్ సామాను అప్పటికే సగం పెట్టెల్లోకి చేరింది. మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

"నీ పిండి ఇందులో పడింది!" అని అరిచి, పారబోయడానికి బకెట్టు ఎత్తాను.

"ఆగండాగండి. వాసనైనా చూడకుండా పారబోస్తారేంటి?"

బీరు పేరెత్తితేనే ముక్కు మూసుకునే మనిషి, చున్నీ నడుముకి చుట్టుకుని, బకెట్టు మీదికి వంగి గట్టిగా పీల్చింది. కాసేపు కళ్ళు తెరవలేదు.

"పాడైతే మీగడలా పొర కట్టదూ? ఇది ఉత్త నురగ. పులుపు వాసన కూడా లేదు. నా పిండి వాసన నాకు తెలీదా? మూత పెట్టెయ్యండి."

ఒకే అల్మారాలో, గాలిలోని ప్రాణుల్ని పిలిచి పెంచుకునే గిన్నె ఒకటి, వాటికి తలుపేసుకున్న బకెట్టు ఒకటి. కంటికి కనపడని ఆ రెండు లోకాల్నీ ఈవిడ ముక్కుతో వేరు చేసేసింది.

వెళ్ళే రోజు అంకుల్ మా వంటింట్లో కూర్చుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగాడు.

"ఇది నాదే" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

జరిగిందంతా చెప్పాను. ఆయన గ్లాసు పూర్తిచేశాడు. తర్వాత మూలనున్న తన ఖాళీ బకెట్టు తెమ్మన్నాడు. నాకే ఇస్తాడనుకుని తెచ్చాను. వణికే చేతులతో దాన్ని నా దగ్గర్నుంచి తీసుకుని, మా ఆవిడ చేతికిచ్చాడు.