పసుపు పూసిన టైమింగ్ చెయిన్

పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే ఇంజన్‌లో గలగలమని చప్పుడు. డబ్బాలో మేకులు వేసి కుదిపినట్టు ఉండేది. కొన్ని క్షణాలు మోగి ఆగిపోయేది. మా ఆయన మొదట్లో నవ్వేసి ఊరుకున్నాడు. రెండు లక్షల మైళ్ళు ఎప్పుడో దాటిన కారు, ఆ మాత్రం దగ్గు ఉంటుందన్నాడు. తర్వాత చప్పుడు నిడివి పెరిగింది, చెక్ ఇంజన్ లైటూ వెలిగింది.

షాపులో చూసి టైమింగ్ చెయిన్ సాగిపోయిందన్నారు. ఇంజన్ కింది షాఫ్టునీ పైన వాల్వులు తెరిచే షాఫ్టులనీ కలిపి తిప్పే గొలుసు అది. సైకిల్ చెయిన్‌లాంటిదే. దాన్ని బిగువుగా పట్టి ఉంచడానికి పక్కన టెన్షనర్ ఉంటుంది. మా కార్లో అదీ అరిగిపోయింది. వదులైన చెయిన్ గేరు మీద రెండు మూడు పళ్ళు జారిందంటే వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి, ఇంజన్ పోయినట్టే. కారు ఖరీదు కన్నా రిపేరే ఎక్కువవుతుందని కూడా షాపువాళ్ళు చెప్పారు.

"జంక్‌కి ఇచ్చేద్దాం. సోమవారం పొద్దున లాక్కెళ్ళడానికి టో ట్రక్ వస్తుంది, బుక్ చేశాను" అన్నాడు మా ఆయన, రాత్రి కూరేమిటో చెప్పినంత తేలిగ్గా.

ఆయనకి ఆఫీస్‌కి వేరే కారు ఉంది. ఇది నా కారు. డిపెండెంట్ వీసా మీద వచ్చాను, వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. కష్టపడి చదివిన మెకానికల్ ఇంజనీరింగ్ సర్టిఫికెట్ సూట్‌కేస్ అడుగున పడుంది. టెక్సస్‌లో మా ఊరు ప్లేనో, ఇక్కడ కారు లేకపోతే కరివేపాకు రెబ్బ కావాలన్నా ఎవరినో ఒకరిని రైడ్ అడగాలి. వచ్చిన కొత్తలో "మీరెలాగూ వెళ్తున్నారు కదా, నన్ను కూడా..." అంటూనే నెలలు గడిపాను. మళ్ళీ ఆ మాట నా నోట రావడానికి వీల్లేదు.

"నేను బాగుచేస్తా" అన్నాను.

"నువ్వా?" అన్నాడు.

ఆ ఒక్క ముక్కకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ క్షణమే చెయిన్, టెన్షనర్, గైడ్లు అన్నీ ఆర్డర్ చేసేశాను.

శనివారమంతా గరాజ్‌లోనే. అక్టోబర్ వచ్చినా టెక్సస్ ఎండ తగ్గలేదు, చెమట కళ్ళలోకి కారుతూనే ఉంది. ముందు కవర్ ఊడదీస్తే, చెయిన్‌ని దారి తప్పకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్ విరిగి ముక్కలై ఉంది. టెన్షనర్ తన శక్తంతా వాడేసి, ఇంక సాగలేనని చివరిదాకా వచ్చి నిలబడింది. గేర్ల మీద గుర్తులుంటాయి. ఇంజన్‌ని సరైన చోటికి తిప్పి నిలిపి, ఆ గుర్తులకి ఎదురుగా ఉన్న పాత చెయిన్ లింకుల మీద ఎందుకైనా మంచిదని ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టి, అప్పుడు చెయిన్ తీశాను. కొత్త చెయిన్‌కి ఆ అవసరం లేదు, మూడు లింకులకి కంపెనీవాళ్ళే పసుపుపచ్చ రంగు వేసి పంపారు.

ఆదివారం దసరా. కొత్త చెయిన్‌ని శుభ్రమైన గుడ్డ మీద పరిచి, స్నానానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆరునెలలు ఉండడానికి వచ్చిన మా అత్తయ్య పళ్ళెంతో గరాజ్‌లో నిలబడి ఉంది. ఆయుధపూజ అయిపోయింది. స్పానర్లకి బొట్లు, జాకీకి బొట్టు. కొత్త చెయిన్‌కయితే మొదటినుంచి చివరిదాకా పసుపు.

"కొత్త గొలుసు కదమ్మాయ్, బోసిగా ఉండకూడదని" అంది సంబరంగా.

ఏ లింకు చూసినా పచ్చగానే ఉంది. గుర్తులేవో, పసుపేదో తెలియలేదు. అత్తగారి మీద అరవలేను కనుక నా కోపమంతా జిడ్డు వదిలించే బ్రేక్ క్లీనర్ డబ్బా మీద చూపించాను. పట్టుకుని కసిగా స్ప్రే చేశాను. పసుపు వదిలింది. దాంతోపాటు కంపెనీ వేసిన రంగూ వదిలింది. మూడు గుర్తులూ పోయి, చెయిన్ తళతళా మెరుస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మా ఆయన గుమ్మంలోంచి తొంగి చూసి, "పోనీలే, ట్రక్ ఎలాగూ వస్తోంది" అన్నాడు. ఆయన ఓదారుస్తున్నాననుకున్నాడు. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపమే గెలిచింది, అది మంచిదైంది. చెత్తసంచిలో పడేసిన పాత చెయిన్ అప్పుడే గుర్తొచ్చింది.

సాగినా దాని లింకుల సంఖ్య మారదు కదా! నా ఎర్ర చుక్కలు దాని మీద అలాగే ఉన్నాయి. అత్తయ్యని నేలమీద కూర్చోబెట్టి, రెండు చెయిన్లూ ఆమె వేళ్ళకి తగిలించి, రెండోవైపు నేను పట్టి లాగాను. కొత్తది బిగుసుకుంటే పాతది కిందికి వేలాడింది.

"అయ్యో, ఎంత సాగిపోయిందే ఇది!" అంది అత్తయ్య.

చుక్కకీ చుక్కకీ మధ్య లింకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ధాన్యం కొలిచే అలవాటు ఆమెది, ఒకటి అనదు. "లాభం, రెండు, మూడు..." అంటూ గోటితో ఒక్కో లింకూ జరిపింది. నేను వేరేగా లెక్కపెట్టుకున్నాను. రెండు లెక్కలూ కలిసేదాకా మళ్ళీ మళ్ళీ చేశాం. కొత్త చెయిన్ మీద చుక్కలు ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తే, నెయిల్ పాలిష్ అత్తయ్యే తీసుకుని గుండ్రంగా, ముచ్చటగా పెట్టింది.

చెయిన్ ఎక్కించి, కొత్త టెన్షనర్‌ని అణచి ఉంచిన పిన్ను లాగితే టక్కుమని బిగిసింది. పొడవాటి స్పానర్‌తో ఇంజన్‌ని చేత్తోనే నెమ్మదిగా తిప్పాను. ఎక్కడ తగులుతుందో, ఎక్కడ పట్టేస్తుందో అని చెవి పెట్టి విన్నాను. ఎక్కడా తగల్లేదు. గేర్ల గుర్తులు తిరిగి వాటి చోట్లకి వచ్చి నిలబడ్డాయి. కవర్ అంచులకి ఆయిల్ కారకుండా సీలెంట్ రాసి బిగించి, అది ఆరడానికి వదిలేశాను.

సోమవారం పొద్దున కొత్త ఆయిల్ పోస్తుండగానే టో ట్రక్ వచ్చి ఇంటిముందు ఆగింది. మా ఆయన, అత్తయ్య, ట్రక్ అతను ముగ్గురూ చూస్తుండగా తాళం తిప్పాను. గలగలమంది. అంతలో ఆయిల్ టెన్షనర్‌కి చేరినట్టుంది, చప్పుడు తెగిపోయింది. ఇంజన్ నడుస్తోందా లేదా అని మీటర్ చూసుకోవలసి వచ్చింది. నడుస్తోంది! గరాజ్ అదిరేలా కేక పెట్టాను. ఇంజనీరింగ్ పాసయిన రోజు కూడా అంత ఆనందం లేదు.

ట్రక్ అతనికి నేనే సారీ చెప్పి పంపించేశాను. మా ఆయన మొహమంతా నవ్వుతో దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"తాళాలివ్వు, ఒక రౌండ్ టెస్ట్ డ్రైవ్ చేసొస్తా."

"వెనక ఎక్కండి" అన్నాను. ముందు సీట్లో అత్తయ్య అప్పటికే కూర్చుని బెల్ట్ పెట్టేసుకుంది.

ఆయన వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. రోడ్డు మీదికి వచ్చాక అడిగాడు.

"ఎక్కడికి?"

"నేను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి."