పెద్ద టైర్లు, నిండు బండి

తెలంగాణ రావాలని బస్సులు బందు పెట్టిన రోజుల్లో, అడవి దారిలో బండి అడుగు నేలకు తగలకూడదని నా పాత పికప్‌కు పెద్ద టైర్లు వేయించాను. కాటారంలో జనం భూపాలపల్లి సభకని వెనక ఎక్కుతున్నారు. గడ్డం నెరిసిన ఒక సాయిబు ఎక్కబోయి ఆగాడు. వంగి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య అరచేయి దూర్చి చూశాడు.

"ఖాళీ బండి మీద చూసి బిగించినవా అన్నా? జనం ఎక్కితే బండి కిందికి దిగుతది, టైరు రేకుకు రాసుకుంటది. జర టైరు మీద నంబరు చదువు. గిది నీ బండిది గాదు."

చదువు అన్న మాట గుచ్చుకుంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. పదిమందిలో అది ఒప్పుకోలేక, "నడిపేది నేనా, నువ్వా? భయమైతే నడిచి రా చాచా" అన్నాను. అందరూ నవ్వారు.

"అవ్వలున్నరు, మెల్లగ పో" అని ఆయన పక్కకు జరిగాడు.

నాలుగో మలుపులో రేకు కోసి టైరు పేలింది. బండి ఒరిగి ఒక అవ్వ చేయి విరిగింది. మేము దారి పక్కన కూర్చొని ఉండగా ఆయన నిజంగానే నడిచి వచ్చాడు. భుజం మీది రుమాలు తీసి అవ్వ చేతికి కట్టాడు. నేను తల ఎత్తలేదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. పెరట్లో పడేసిన ఆ టైరు మీది నంబరు కూడబలుక్కొని చదివాను. ఏ టైరు వేయాలో బండి తలుపు లోపల రాసి ఉన్నది వేరే నంబరు.

తప్పైంది చాచా అనడానికి మాత్రం చదువు అక్కరలేదు. ఆ మాట నాకు ఆ రోజు కూడా వచ్చు.