అవ్వ పేరున్న పాట

మా అవ్వ పెనుకొండలో పోయింది. తొంభైల నడుమ ఎప్పుడో. అప్పటికి నాకు హిందూపురం బస్టాండు దగ్గర చిన్న అంగడి ఉండేది. ఎవరికి కావలసిన పాటలు వాళ్లకు క్యాసెట్టులో ఎక్కించి ఇవ్వడం నా పని. అవ్వ పోయిన కబురు రాగానే అంగడి మూసి, ఎందుకో టేపురికార్డరు కూడా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మా వైపు చావు ఇంటి ముందు భజన పెట్టిస్తారు. శవాన్ని ఎత్తే ముందు చివరగా ఒక పాట ఉంటుంది. పోయిన మనిషి పొయ్యి దగ్గర, వాకిలి దగ్గర, కట్టేసిన గొడ్డు దగ్గర ఆగి సెలవు అడుగుతున్నట్టు అది సాగుతుంది. ప్రతి చరణం చివరా ఆ మనిషి పేరు రావాలి. అందుకే భజన పెద్ద ముందుగా ఇంటివాళ్లను పక్కకు పిలిచి, పేరేమి, ఏం పని చేసేది, ఎవరిని సాకింది అని అడుగుతాడు. విన్నదాన్ని అప్పటికప్పుడు పాటలో కలుపుతాడు.

ఆ రోజు వచ్చిన పెద్ద ధర్మవరం పక్క పల్లె మనిషి. అవ్వ గురించి మా నాయనను అడిగాడు, మా అత్తను అడిగాడు. చెనక్కాయలు ఒలిచేటప్పుడు అవ్వ ఒక్క గింజ కూడా నోట్లో వేసుకునేది కాదని, మంచి గింజలన్నీ విత్తనానికి దాచేదని అత్త చెప్పింది. ఆయన అది పాడినప్పుడు మా నాయన గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పాట మొదలయ్యే ముందే నేను టేపురికార్డరు భజన పెద్ద ముందర పెట్టాను. ఆయన దాన్ని చూసి, "ఇంట్లో ఇనుకునేదానికేనా అప్పా?" అన్నాడు. నేను తలూపాను.

ఆ తలూపు అబద్ధం అవుతుందని అప్పుడు నేను అనుకోలేదు. మొదట చిలమత్తూరులో ఉండే మా అత్తకు ఒక కాపీ ఇచ్చాను. ఆమె ఇంట్లో విన్నవాళ్లు అంగడికి వచ్చారు. వాళ్ల దగ్గర విన్నవాళ్లు వచ్చారు. సినిమా పాటలు ఎక్కిస్తే డబ్బులు తీసుకునేవాణ్ణి, దీనికి మాత్రం తీసుకోలేదు. ఖాళీ క్యాసెట్టు తెచ్చుకుంటే చాలన్నాను. పైన చావు పాట అని రాసి ఇచ్చేవాణ్ణి. ఎవరు పాడారో రాయలేదు, ఎవరి కోసం పాడారో రాయలేదు. పాట గాలిలాంటిది, దానికి కంచె వేయకూడదని ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెప్పేవాణ్ణి. ఆ మాట చెబుతున్నప్పుడు నా మీద నాకే గౌరవం కలిగేది. అవ్వ పుణ్యమంతా నా చేతుల మీదుగా పంచుతున్నట్టు ఉండేది. పాడిన మనిషిని ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు. తోచలేదని ఇప్పుడు రాయడం సులువు. అడిగితే వద్దంటాడేమోనన్న అనుమానం ఎక్కడో ఉండింది.

కొన్నేళ్ల తర్వాత ధర్మవరంలో మాకు దూరపు చుట్టమైన ఒక ముసలామె పోయింది. మగ్గాలవాళ్లకు పట్టు కండెలు చుట్టి బతికిన మనిషి. ఒక్కతే కూతురు. నేను వెళ్లేసరికి షామియానా కింద సౌండు సెట్టులో మా అవ్వ పాట వస్తోంది. చావు ఇంట్లో అవ్వ చెనక్కాయలు ఒలుస్తోంది. సౌండు సెట్టు మనిషి నేర్పరి. అవ్వ పేరు రాబోయే ముందు మీట తిప్పి సౌండు తగ్గిస్తున్నాడు, పేరు దాటగానే పెంచుతున్నాడు. వచ్చినవాళ్లకు అది అలవాటైపోయినట్టుంది, ఎవరూ తల ఎత్తలేదు. ఒక చరణంలో అతను బీడీ వెలిగించుకుంటూ మరిచిపోయాడు. అవ్వ పేరు వీధంతా వినబడింది.

షామియానా చివర, జనంలో ఒకడిగా, ఆ భజన పెద్ద కూర్చుని ఉన్నాడు. పక్క వీధికి ఏదో పని మీద వచ్చి, చావు అని తెలిసి ఆగాడట. నన్ను గుర్తుపట్టాడు.

"ఏమప్పా, మీయవ్వను ఊరూరా తిప్పుతాండావే" అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. పాట అందరిదీ కదా అని ఏదో గొణిగాను. ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"పాట నాది యాడిదబ్బా. మా గురువు నాకిచ్చినాడు, నేను అడిగినోళ్లకంతా నేర్పినా. ఎవురన్నా పాడుకోనీ. పాడేటోడు ముందు పేరు అడగల్ల గదా. నీ డబ్బా అడగదే."

ఇప్పుడు భజనకు పిలిచేవాళ్లే లేరనీ, తనతో చెక్కలు కొట్టేవాళ్లు బెంగళూరులో కట్టడం పనులకు పోయారనీ ఆయన చెబుతుండగానే, పోయినామె కూతురు లేచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. టేపులో పాడింది ఆయనేనని ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు.

"నాయనా, పొద్దున్నించి ఇంటాండా. ఎవురో యమ్మ కోసరం ఏడ్చినట్లుండాది నాకు. మాయమ్మకు పాడవా?"

"మేళం లేదు తల్లీ. నేను చెప్పింది తిరిగి అందుకునేదానికన్నా ఒకరు ఉండల్ల."

అని నా వైపు చూశాడు. "ఈయప్పకు వస్తాది. నాకంటే ఎక్కువ సార్లు ఇన్యాడు."

నేనే లేచి వెళ్లి సౌండు సెట్టు ఆపించాను. ఆయన కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాడు. తల్లి కండెలు చుడుతూ చుడుతూ నిద్రపోయేదనీ, నిద్రలో కూడా వేళ్లు తిరుగుతూనే ఉండేవనీ ఆమె చెప్పింది. ఆయన తాళాలు లేకుండా, తొడ మీద చేత్తో దరువు వేసుకుంటూ ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయింది, పాట మాత్రం ఎక్కడా తడబడలేదు. ఆయన ఒక పంక్తి పాడితే నేను అందుకుంటూ వచ్చాను. వేళ్ల మాట వచ్చినప్పుడు కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

ఆ చరణం చివర పేరు రావాలి. ఆయన ఆమె పేరు స్పష్టంగా పాడి వదిలాడు. నేను అందుకుని మా అవ్వ పేరు పాడాను.

నోరు అలవాటుగా అనేసింది. అన్నాక గాని తెలియలేదు. కూతురు తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, అలసట ఉంది. ఇంకా పోలేదా ఆ అమ్మ అన్నట్టు. పెద్ద మాత్రం ఆగలేదు. అదే పంక్తి, అదే పేరుతో, ఇంకొంచెం నిదానంగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు మళ్లీ పాడాడు. ఈసారి నేను సరిగ్గా అన్నాను. చివరిదాకా, ప్రతి పేరుకు ముందూ ఆయన నోటి వైపే చూస్తూ పాడాను.

వెళ్లేటప్పుడు ఆయన, తీరిక చేసుకుని పల్లెకు వస్తే మొత్తం నేర్పిస్తానన్నాడు. నా మీద ఆయనకున్న ఫిర్యాదంతా ఆ పిలుపులోనే తీరిపోయినట్టుంది. వస్తానన్నాను. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అంగడి మూతపడింది, వేరే పని చూసుకున్నాను. వెళ్లలేదు.

పాటలూ చదువులూ అందరికీ ఊరికే అందాలని ఇప్పటికీ అంటాను. అనేటప్పుడు గొంతు మునుపటంత గట్టిగా రాదు. మొన్నామధ్య హిందూపురంలో ఒక పెద్దాయన చావుకు వెళితే, ఎవరో సెల్‌ఫోనులోంచి ఆ పాట పెట్టారు. అవ్వ పేరు దగ్గర సౌండు తగ్గించేవాళ్లు కూడా లేరు. ఇంటాయన దగ్గరకు వెళ్లి, మీ నాయన పేరేమని అడిగాను. ఆయన చెప్పాడు. విన్న పేరును పాటలో కలపడం నేర్చుకోలేదు కాబట్టి, తర్వాత ఏం చేయాలో తెలియక, అక్కడే నిలబడిపోయాను.