టవలు వేసిన సీటు

పుంగనూరులో మా అత్తగారింట్లో అందరికీ వచ్చిన ఇంగ్లీషు మాట ఒకటే ఉండేది: అడ్జస్ట్. డిగ్రీ చదివిన మా ఆయన దగ్గర్నుంచి వేలిముద్ర వేసే మా అత్త దాకా ఎవరి నోట విన్నా అదే. కొళాయిలో నీళ్ళు రాకపోతే అడ్జస్ట్. కూరలో ఉప్పు తక్కువైతే అడ్జస్ట్. ఆడబిడ్డ పిల్లలతో వచ్చి నా గదిలో దిగితే, వంటింట్లో చాప పరుచుకుని నేను అడ్జస్ట్. మదనపల్లెలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట కొత్తేమీ కాదు. మా నాన్న స్టీలు సామాన్ల అంగడిలో మూత సరిగ్గా పట్టని డబ్బాను కూడా "వాడతావుంటే అదే అడ్జస్ట్ అవుతాదిలేమ్మా" అని అంటగట్టేవాడు. డబ్బాకు చెప్పినట్టు మనిషికీ చెబితే ఒళ్ళు మండదా?

తొంభైల చివర్లో, ఇంట్లో ఉంటూనే ఇంగ్లీషు ఎం.ఏ.కు ప్రైవేటుగా కట్టాను. పరీక్షలు కుప్పంలో. అన్నీ అయిపోయి ఒక్క పేపరు మిగిలింది. అది రాసే వేళకు నాకు ఆరో నెల. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఏడాదికి చంకలో బిడ్డ ఉంటుంది. అప్పుడు నన్ను పరీక్షకు పంపేదెవరు? ఆ భయంతో కూర్చుంటే కాళ్ళు పీకేవి, పడుకుంటే నిద్ర పట్టేది కాదు. పుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరుగుతూనే చదివేదాన్ని.

ఆ పేపరు నిండా మాటలూ వాటి అర్థాలూ. సెట్ అనే గుప్పెడంత మాటకు నిఘంటువులో పేజీలకు పేజీలు. చదివింది చదివినట్టే జారిపోతుంటే, నాకు తెలిసిన వాటితో ముడిపెట్టుకున్నాను. పెద్దమండ్యంలో మా మేనమామ బావి మీద పంపుసెట్టు. బస్టాండు దగ్గర హోటల్లో సెట్టు దోసె. బి.కొత్తకోటలో మా చిన్న ఆడబిడ్డకు సెట్టయిన సంబంధం. అట్లాగే రన్ అనే మాట. పోటీలో మనిషి, క్రికెట్‌లో పరుగు, ఊళ్ళో వ్యాపారం. మా ఆయన చెనిక్కాయల మండీ, అదే వేరుశనగ వ్యాపారం కూడా అప్పుడు మంచి రన్నింగ్‌లో ఉండేది. అందుకే ఆయనకు నాతో కుప్పం రావడానికి తీరిక లేదు.

"సీజను గదా. ఈ తూరికి అడ్జస్ట్ చేసుకో. వచ్చే ఏడు రాద్దువులే" అన్నాడు.

"నేనొక్కదాన్నే పోతా" అన్నాను.

"కడుపుతో ఉండే మనిషి ఒక్కతే బస్సెక్కి పోతే సూసినోళ్ళు ఏమనుకుంటారు?"

అత్త కూడా కొడుకు మాటకే తలాడించింది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. గ్లాసు దబ్బున పెట్టి లేచాను.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం అత్త వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పోవాలనుకున్నానేమో, నేను ఆమె చుట్టూ తిరుగుతూ ఇంకా గట్టిగా చదువుతున్నాను.

"అదేందమ్మా, జపం మాదిరి?" అని అడిగింది.

"మాటలకు అర్థాలత్తా. రేపు పరీక్షలో వస్తాయి."

"అడ్జస్టుకు గూడా ఉండాదా అర్థం?"

"యాల లేదు? పుస్తకంలో నాలుగైదు ఉండాయి. మనింట్లో మాత్రం ఒకటే. నువ్వు జరుగు, అంతే."

అత్తతో అంత మాట అనడం అదే మొదలు. ఆమె చేట కింద పెట్టి నా వైపు తిరిగింది.

"మీ మామ ఉన్నన్నాళ్ళూ నేనూ జరగతానే వస్తినమ్మా" అని, మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది.

తెల్లారి నేను సంచీ తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి, అత్త ఊరికి పోయే చీర కట్టుకుని, మా ఆయన ఎర్ర టవలు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"యాడికత్తా?"

"నీ ఎంబడే. పద, బస్సు పోతాది."

మా ఆయన పళ్ళు తోముకుంటూ నురగ నోటితో ఏదో అనబోయాడు. "అన్నం వండి పెట్టిండాను. సల్లారిపోతే అడ్జస్ట్ చేసుకో" అని చెప్పి ఆమె గడప దిగింది.

కుప్పం బస్సు మదనపల్లె నుంచే కిక్కిరిసి వస్తుంది. పుంగనూరులో కొందరు దిగుతారు, అంతకు రెండింతలు ఎక్కుతారు. కిటికీలోంచి ముందుగా టవలు ఎవరిది పడితే సీటు వాళ్ళది. మా వైపు దీనికి తిరుగులేదు. ఆ పని మగవాళ్ళూ కుర్రాళ్ళూ చేస్తారు. ఆరోజు మా అత్త కుచ్చిళ్ళు ఎగదోపి, బస్సు ఇంకా ఆగకముందే దాని పక్కన పరిగెత్తి, ఖాళీ అవుతున్న సీట్లోకి టవలు విసిరింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తోసుకుంటూ ఎక్కి చూస్తే, ఒక పెద్దమనిషి మా టవలును పక్కకు నెట్టి దర్జాగా కూర్చున్నాడు. "రవ్వంత అడ్జస్ట్ చేసుకోండమ్మా, పలమనేరులో దిగిపోతా" అన్నాడు. అలవాటు చొప్పున నా నోట్లోకి 'సరేలే' వచ్చేసింది.

"లెయ్యప్పా!" అంది మా అత్త. బస్సులో సగంమంది తిరిగి చూశారు. "టవలు మాది. ఈ పొద్దు మేం అడ్జస్ట్ అయ్యేది లేదు. మా కోడలు పరీక్ష రాయను పోతాండాది."

ఆయన గొణుక్కుంటూ లేచాడు. దొరికింది ఒక్క సీటే. నేను కూర్చుని, వీలైనంత ముడుచుకుని, "నువ్వూ రా అత్తా, ఇద్దరం అడ్జస్ట్ అవుదాం" అన్నాను.

"వద్దు. నువ్వు సదువుకో" అంది.

పుస్తకం తెరిచాను గానీ అక్షరాలు ఆనలేదు, కళ్ళ నిండా నీళ్ళు. అత్త ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి నాకు అడ్డం పెట్టి నిలబడింది. పలమనేరులో జనం దిగేదాకా, ఎవరు నా కడుపు మీదికి ఒరగబోయినా, "జరగండప్పా, జరగండి" అని అరుస్తూనే ఉంది.