మా వంశగౌరవం స్టార్ట్ కాని రోజు

పుంగనూరు దగ్గర, టమోటా తోటల నడుమ, పట్టపగలు, ఒక గొర్రెల మంద సాక్షిగా మా మూడు తరాల పరువు ఎలా మట్టిలో కలిసిందో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కానీ కాస్త నిటారుగా కూర్చుని నవ్వండి. మా ఇంటి పద్ధతి అది.

మా తాత గుర్రమెక్కి పొలాలు చూసేవాడు. నా వంతు వచ్చేసరికి పొలాలు పోయాయి, గుర్రమూ పోయింది. ఎక్కాలన్న కోరిక ఒక్కటే మిగిలింది. అందుకని, మూతపడిన ఒక రిసార్టు వాళ్ళ దగ్గర పాత ఏటీవీ కొన్నాను. లావు చక్రాలు నాలుగు, కాళ్ళు చెరో పక్క వేసుకుని కూర్చునే సీటు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. బుద్ధి ఇంకా బయల్దేరనే లేదు.

పక్క చేను రత్నమ్మది. జీతం పని పోయాక కౌలుకు తీసుకుని మొదటిసారి టమోటా వేసింది. ఆ రోజు పొద్దున ఆమెకు ట్రాక్టరు రాలేదు. మదనపల్లె మండీకి పోయే వ్యాను రోడ్డు మీద కాచుకుని ఉంది. బాగా మాగిన కాయ. ఆ రోజు వేలానికి అందకపోతే ఇక పశువులకే.

"నేనుండగా భయమేల? మా వంశంలో మాట తప్పినవాడు లేడు," అని బండి వెనక ట్రాలీ తగిలించి, క్రేట్లన్నీ ఎక్కించాను.

సగం దారిలో గొర్రెలు అడ్డం వచ్చాయి. హారన్ నొక్కాను. బండి గుటుక్కున ఆగింది. స్టార్టర్ నొక్కితే ఇంజను తిరుగుతోంది, అందుకోవడం లేదు.

"సిన్నయ్యా, ఒక మాట..." అంది రత్నమ్మ.

"ఆగమ్మా! ఇది ప్లగ్గు జబ్బు."

ప్లగ్గు విప్పి జేబురుమాలుతో తుడిచాను. నిప్పురవ్వ రాలేదు. "అయితే పెట్రోలు పాతది," అని తేల్చాను. పంటి నొప్పికి కాలికి కట్టు కట్టిన వైద్యం! కార్బురేటర్ గిన్నె విప్పి పెట్రోలు పారబోశాను. గొర్రెల కాపరి అక్కడే బీడీ ముట్టించబోతే రత్నమ్మ లాక్కుంది. అన్నీ బిగించి మళ్ళీ నొక్కాను, నొక్కాను. చివరికి బ్యాటరీ కూడా కళ్ళు తేలేసింది. ఇక తాడు లాగి స్టార్ట్ చేయాలి. నేను లాగిన లాగుడుకు దేవుడి రథమైనా నాలుగు వీధులు తిరిగొచ్చేది.

రోడ్డు మీంచి వ్యాను మునెప్ప కేక వేశాడు. "సామీ! వస్తాండారా లేదా? నేను పోతా!"

"ఐదు నిమిషాలు!"

"అరగంట నుంచీ ఆ ఐదు నిమిషాలే ఉండాది కద సామీ!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "పాత బండి!" అని ఒక తన్ను తన్నాను. కాలు వాచింది. గొర్రెలు కూడా మేత మాని, పెళ్ళికొచ్చిన చుట్టాల్లా చుట్టూ చేరి చూస్తున్నాయి.

రత్నమ్మ నన్ను చూడటం లేదు. అడుగు క్రేట్లలోంచి కారుతున్న రసాన్ని చూస్తోంది. ఆ చూపుతో నా బిగువు సడలింది.

"రత్నమ్మా, నాకు చేతకాలేదు," అన్నాను. మా వంశంలో ఆ మాట పలికిన మొదటి గొంతు నాదే అయ్యుంటుంది.

ఆమె వచ్చి, హ్యాండిల్ మీది ఎర్ర మీటను అవతలికి నొక్కి, తాడు ఒక్క లాగు లాగింది. బండి గుర్రుమంది!

"అది... హారన్ కాదా?"

"ఇంజన్ ఆపేది సిన్నయ్యా. దీనికి హారనే లేదు. రిసార్టులో ఆరేండ్లు ఈ బండ్లు సూసుకునింది నేనే."

గొర్రెలను తప్పుకోమని నేను రాజసంగా నొక్కింది ఆ మీటనే!

బండి ఆమే నడిపింది. క్రేట్లు పడిపోకుండా పట్టుకుని వెనక నేను పరుగెత్తాను. కదలబోతున్న వ్యాను ఆగింది; కాయ వేలానికి అందింది. అప్పుడు నాకు రోషం వచ్చింది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"నోరు తెరిస్తే మీరు ఆగమంటిరి. పెద్దింటోళ్ళు మాట్లాడతాంటే అడ్డం రాగూడదని మాయమ్మ నేర్పించింది."

"మీ అమ్మకెవరు నేర్పించారు అంత గొప్ప నీతి?"

"ఇంకెవురు? మీ అవ్వే!"

కావున, మా ఇలవేల్పు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ బండి ఆగినా, ముందు నా నోరు ఆపుతాను, ఆ తరువాతే ప్లగ్గు విప్పుతాను.